మన నేల బొమ్మ ఎవరి సొత్తు?

1986 డిసెంబరు 3వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఒక తీర్మానాన్ని ఓటింగు లేకుండానే ఆమోదించింది. దాని సంఖ్య 41/65. అంతరిక్షం నుండి భూమిని పరిశీలించే విషయంలో దేశాలు పాటించవలసిన పదిహేను సూత్రాలు అందులో ఉన్నాయి. ఆ సూత్రాలలో పదేపదే వినవచ్చే పదబంధం ఒకటి నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది. దానిని తెలుగులో ‘చూడబడిన దేశం’ అనాలి. ఉపగ్రహం ఎవరిదో వారిది చూసే దేశం. ఆ ఉపగ్రహం ఎవరి నెత్తిమీదుగా పోతున్నదో వారిది చూడబడిన దేశం.

తెలుగు పండితులకు ఈ ‘బడు’ అంటే ఎంత మంటో మిత్రులకు తెలుసు. కర్మణి ప్రయోగం మన భాషకు సహజం కాదనీ, ‘రామునిచేత రావణుడు చంపబడెను’ అన్న వాక్యాన్ని ‘రాముడు రావణుని చంపెను’ అని మార్చుకోవాలనీ చెబుతూ, ఎర్రసిరాతో దిద్దుతూ మా ఉద్యోగాలు గడిచిపోయాయి. కానీ ఈ ఒక్కచోట ఆ ‘బడు’ను కొట్టివేయడానికి నాకు చేయి రాలేదు. పేదదేశాలకు అంతరిక్షయుగం మొదటి పాతికేళ్ళలో దక్కిన స్థానం సరిగ్గా అదే. వాక్యంలో కర్త ఎక్కడో ఉన్నాడు, వీళ్ళు కర్మలు. ఆ కర్మ కర్తగా మారడానికి చేసిన ప్రయత్నాల కథ ఇది. ఎంత దూరం మారిందో, ఎక్కడ ఆగిపోయిందో చదువరులే చూడగలరు.

ముందు మేఘాల సంగతి చెప్పాలి, ఎందుకంటే తగవు అక్కడ పుట్టలేదు. 1960 ఏప్రిల్ 1న అమెరికా టైరోస్-1 అనే వాతావరణ ఉపగ్రహాన్ని పంపింది. మరుసటి ఏడు సెప్టెంబరులో అధ్యక్షుడు కెనెడీ ఐక్యరాజ్యసమితిలో ప్రసంగిస్తూ, వాతావరణాన్ని ముందుగా తెలుసుకోవడంలో దేశాలన్నీ కలిసి పనిచేయాలని ప్రతిపాదించాడు. ఆ డిసెంబరులోనే సమితి దానికి అనుకూలంగా తీర్మానించింది. 1963 డిసెంబరులో వెళ్ళిన టైరోస్-8లో ఒక కొత్త ఏర్పాటు ఉంది. ఉపగ్రహం తాను తీసిన మేఘాల బొమ్మను అప్పటికప్పుడే రేడియో ద్వారా కిందికి వదిలేది. దానిని పట్టుకోవడానికి ఒక మోస్తరు యాంటెన్నా, ఒక రిసీవరు ఉంటే చాలు. ఎవరినీ అడగనక్కరలేదు, ఎవరికీ చెల్లించనక్కరలేదు. ఆకాశవాణి వినడానికి ఆకాశవాణి వారి అనుమతి అక్కరలేనట్టే ఇదీనూ. దీనికి ఏ దేశమూ అభ్యంతరం చెప్పలేదు. మేఘానికి పట్టా ఉండదు గదా! బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం రేపు ఎవరి తీరాన్ని తాకుతుందో తెలియదు కాబట్టి, దాని జాడను దాచుకోవడంలో లాభం ఎవరికీ లేదు.

నేల అలాంటిది కాదు. దానికి హద్దులున్నాయి, యజమానులున్నారు, అడుగున ఖనిజాలున్నాయి, పైన పంటలున్నాయి.

1972 జులై 23న అమెరికా ఈఆర్‌టీఎస్-1 అనే ఉపగ్రహాన్ని పంపింది. మూడేళ్ళ తర్వాత దానికి ల్యాండ్‌శాట్ అని పేరు మార్చారు. భూమికి 900 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతూ, 18 రోజులకొకమారు అది ప్రతిచోటికీ మళ్ళీ వచ్చేది. ఒక్కొక్క బొమ్మలో 185 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల నేల ఇమిడేది. బొమ్మలోని ఒక్కొక్క చుక్క నేలమీద దాదాపు 80 మీటర్లు, అనగా సుమారు ఎకరంన్నర చెలక ఒక చుక్క. ఇంటినీ మనిషినీ అది చూడలేదు. కానీ పంట ఎక్కడ పచ్చగా ఉన్నదో, ఎక్కడ వాడిపోతున్నదో, ఏటిలో నీరు ఎంత ఉన్నదో, అడవి ఎక్కడ తరిగిందో చూడగలదు. ఈ పని చేసిన బహువర్ణ స్కానరును రూపొందించినది వర్జీనియా నార్‌వుడ్ అనే మహిళ. మన కంటికి కనబడే ఆకుపచ్చ, ఎరుపు కాంతులతో పాటు కంటికి ఆనని పరారుణ కాంతిని కూడా రెండు భాగాలుగా అది విడివిడిగా కొలిచేది.

ఇక్కడ రామాయణంలో పిడకలవేట అనుకోకపోతే ఒక మాట. 1980లలో మా బడికి వచ్చిన ఒక గోడపటంలో కృష్ణా డెల్టా ఉపగ్రహ చిత్రం ఉండేది. అందులో వరిపొలాలు నెత్తురు చల్లినట్టు ఎర్రగా ఉండేవి. “పచ్చని పొలాలు ఎర్రగా ఎందుకున్నాయి మాస్టారూ?” అని పిల్లలు అడిగేవారు. సైన్సు మాస్టారు చెప్పిన సమాధానం నాకిప్పటికీ గుర్తు. ఆరోగ్యంగా ఉన్న ఆకు పరారుణ కాంతిని విపరీతంగా తిప్పికొడుతుంది. ఆ కాంతి మనకు కనబడదు కాబట్టి బొమ్మ తయారుచేసేవారు దానికి ఎరుపు వేషం వేస్తారు. కనుక ఎంత ఎర్రగా ఉంటే పైరు అంత ఏపుగా ఉన్నట్టు. తెగులు సోకిన ఆకు, మన కంటికి ఇంకా పచ్చగా కనిపిస్తుండగానే, పరారుణంలో మసకబారడం మొదలుపెట్టవచ్చు. మన దేశంలో ఈ విద్యకు ఆద్యుడైన పిషారోటీగారు కేరళలో కొబ్బరిచెట్ల వేరుతెగులును హెలికాప్టరు నుండి పరారుణ ఫిలిముతో పరిశీలించింది ఈ సూత్రం ఆధారంగానే. రైతుకంటే ముందే రైతు పొలం సంగతి తెలుసుకోగల కన్ను ఇది. తగవంతా ఆ ‘ముందే’ అన్న మాటలోనే ఉంది.

అమెరికా మొదట మంచిగానే మాట్లాడింది. ఉపగ్రహం ఇంకా తయారీలో ఉండగానే, 1969 సెప్టెంబరులో అధ్యక్షుడు నిక్సన్ సర్వప్రతినిధి సభలో, ఈ భూవనరుల కార్యక్రమం తమ దేశానికే గాక ప్రపంచ సమాజానికంతటికీ సమాచారం అందిస్తుందని ప్రకటించాడు. దక్షిణ డకోటా రాష్ట్రంలోని సూ ఫాల్స్ అనే ఊళ్ళో ఒక భాండాగారం కట్టి, బొమ్మ అడిగిన వారెవరికైనా, ఏ దేశం వారికైనా ఒకే వెలకు, నకలు తీసిన ఖర్చుకే ఇచ్చారు. దానిలో మోసమేమీ లేదు. ఐనా సందేహాలు తలెత్తాయి. బొమ్మ అందరికీ ఒకటే కావచ్చు, దానిని చదివే విద్య అందరికీ ఉన్నదా? కంప్యూటర్లు, భూగర్భ శాస్త్రజ్ఞులు, పెట్టుబడి ఉన్న విదేశీ కంపెనీ మా కొండలో ఉన్న రాగి సంగతి మాకంటే ముందు తెలుసుకొని, ఏమీ తెలియనట్టు వచ్చి గనిని చవకగా కౌలుకు తీసుకుంటే మా గతి ఏమిటని లాటిన్ అమెరికా దేశాలు అడిగాయి.

ఇది ఉత్త భయం కాదని చెప్పడానికి గోధుమల ఉదంతం చాలు. 1972లో సోవియట్ యూనియనులో పంట దెబ్బతింది. ఆ విషయం బయటికి పొక్కకముందే వారు అమెరికాలో పెద్దయెత్తున గోధుమలు పాతధరకు కొనేశారు. ఆ తర్వాత ధరలు భగ్గుమన్నాయి. ఆ దెబ్బ తిన్న అమెరికా ఊరకుండలేదు. 1974లో నాసా, వారి వ్యవసాయశాఖ, వాతావరణ సంస్థ కలిసి ల్యాండ్‌శాట్ బొమ్మలతో ఇతర దేశాల గోధుమ దిగుబడిని లెక్కగట్టే ప్రయోగం మొదలుపెట్టాయి. 1977లో సోవియట్ గోధుమపంట ఎంతో వారు వేసిన అంచనా, తర్వాత సోవియట్ ప్రభుత్వం ప్రకటించిన లెక్కకు చాలా దగ్గరగా వచ్చింది. సోవియట్ యూనియన్ వంటి అగ్రరాజ్యం గాదెలోకే ఇలా తొంగిచూడగలిగితే, కాఫీయో కోకోయో అమ్ముకొని బతికే చిన్నదేశం సంగతి చెప్పేదేముంది?

ఐక్యరాజ్యసమితి అంతరిక్ష సంఘంలో వాదోపవాదాలు 1970లో అర్జెంటీనా ప్రతిపాదనతో మొదలయ్యాయి. 1974లో అర్జెంటీనా, బ్రెజిల్ కలిసి ఒక ముసాయిదా ఇచ్చాయి. ఒక దేశాన్ని పైనుండి పరిశీలించాలంటే ముందుగా ఆ దేశం ఒప్పుకోవాలి, ఆ బొమ్మను మూడోవారికి ఇవ్వాలన్నా దాని ఒప్పుదల ఉండాలి అన్నది సారాంశం. సోవియట్ యూనియన్, ఫ్రాన్సు కలిసి వేరే ముసాయిదా తెచ్చాయి. వనరుల సమాచారాన్ని ఆ దేశం అనుమతి లేకుండా బయటపెట్టరాదని అవి అన్నాయి. అమెరికా మాత్రం ఆకాశం అందరిదీ, బొమ్మలు అందరికీ అన్నది. విచిత్రం గమనించారా? పంచుదాం అన్నవాడు బలవంతుడు, దాచుదాం అన్నవాడు బలహీనుడు. మామూలుగా లోకంలో జరిగేదానికి ఇది తలకిందులు. చదవగలిగిన వాడికే గ్రంథాలయం తెరచి ఉండడం వల్ల లాభమని ఆ బలహీనులు గ్రహించారన్నమాట.

పన్నెండేళ్ళ పాటు సాగి సాగి చివరకు వచ్చినదే నేను మొదట చెప్పిన తీర్మానం. ముందస్తు అనుమతి అన్న కోరిక అందులో లేదు. దాని బదులు పన్నెండో సూత్రం వచ్చింది. చూడబడిన దేశానికి తన నేల గురించిన దత్తాంశాలు తయారైన వెంటనే, ఎవరిపట్లా వివక్ష లేకుండా, సమంజసమైన వెలకు అందుబాటులో ఉండాలి. వర్ధమాన దేశాల అవసరాలను ప్రత్యేకంగా గమనంలో పెట్టుకోవాలి. చెప్పడానికి ఎంత బాగున్నది! కానీ సమంజసమైన వెల అంటే ఎంత? అది నిర్ణయించేదెవరు? తీర్మానం ఆ సంగతి చెప్పలేదు.

ఈ వాదాలు సాగుతుండగానే కొన్ని దేశాలు మాటలు మాట్లాడుతూనే చేతులు కూడా కదిపాయి. ముందస్తు అనుమతి కావాలని సమితిలో గట్టిగా వాదించిన బ్రెజిల్, 1973లోనే కుయాబా అనే ఊరిలో ల్యాండ్‌శాట్ సంకేతాలను నేరుగా అందుకొనే స్టేషను కట్టుకున్నది. అమెరికా, కెనడాల తర్వాత ఆ పని చేసిన మూడవ దేశం అది. దక్షిణ అమెరికా ఖండానికి నట్టనడుమ నున్న ఊరు కావడంతో అక్కడి యాంటెన్నాకు ఖండంలో అధికభాగం అందుబాటులో ఉండేది. దీనిని కొందరు ద్వంద్వనీతి అంటారు. నాకు అలా తోచదు. పొరుగువాడు మన పెరట్లోకి తొంగిచూడడం మాన్పించలేనప్పుడు, ఆ కిటికీలో మనకూ కాస్త చోటిమ్మని అడగడం ఇంగితజ్ఞానం.

మన దేశమూ ఆ దారినే నడిచింది. హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1974లో ఏర్పడింది. 1979లో నగరానికి దక్షిణాన, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ దగ్గర ల్యాండ్‌శాట్ స్టేషను పనిచేయసాగింది. స్టేషను పెట్టుకున్న ప్రతి దేశం అమెరికాకు ఏటా 2 లక్షల డాలర్లు రుసుము చెల్లించాలి. అది ఆ రోజుల్లో తక్కువ సొమ్ము కాదు. కానీ ఒక యాంటెన్నా తన చుట్టూ రెండున్నర వేల కిలోమీటర్ల దాకా ఉపగ్రహాన్ని చూడగలదు. కాబట్టి షాద్‌నగర్ తెలంగాణ చెలకలో నిలబడి దేశాన్ని దాదాపు మొత్తంగానూ, శ్రీలంక, బంగ్లాదేశ్, నేపాల్ వంటి ఇరుగుపొరుగులనూ కూడా అందుకోగలిగింది. ‘చూడబడిన దేశం’ అలా ఒక రాత్రిలో సగం ‘చూసే దేశం’ అయింది. థాయిలాండ్, ఇండొనేషియా, అర్జెంటీనా, దక్షిణాఫ్రికా, చైనా, పాకిస్తాన్ కూడా తర్వాత తర్వాత ఈ వరుసలో చేరాయి.

ఆ పటంలో ఒక పెద్ద ఖాళీ మాత్రం మిగిలిపోయింది. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా అది. జైరేలో స్టేషను పెట్టాలని ఒప్పందం జరిగినా అది నిలబడలేదు. అప్పట్లో అది అంత పెద్ద లోటుగా ఎవరికీ తోచి ఉండదు. లోటు తెలియడానికి 1984 రావలసి వచ్చింది.

ఆ సంవత్సరం జులైలో అమెరికా కాంగ్రెసు ల్యాండ్‌శాట్‌ను వాణిజ్యపరం చేస్తూ చట్టం చేసింది. ప్రభుత్వం ప్రజాధనంతో కట్టిన ఉపగ్రహాల బొమ్మలను అమ్ముకొనే హక్కు 1985లో ఈఓశాట్ అనే సంస్థకు దక్కింది. రీగన్ కాలం అది. ప్రభుత్వం చేసే ప్రతి పనీ వ్యాపారి ఇంకా బాగా చేస్తాడన్న నమ్మకం ఏలుతున్న రోజులు. ఒక్కొక్క బొమ్మ వెల పెరుగుతూ పోయి 4,400 డాలర్లకు చేరింది. అది కూడా కొన్నవాడు మరొకరికి ఇవ్వకూడదన్న షరతుతో. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. సమితి ‘సమంజసమైన వెల’ అని సూత్రం వ్రాసేనాటికే ఆ వెల నిర్ణయించే అధికారం దుకాణదారుని చేతికి పోయింది. పైగా సూత్రం ఎక్కడా ఉల్లంఘన కాలేదు. వివక్ష ఏమున్నది? హార్వర్డు ఆచార్యునికీ అదే ధర, బుర్కినా ఫాసో అటవీ అధికారికీ అదే ధర.

ఐతే, ధరకంటే ఎక్కువ నష్టం చేసినది మరొకటి ఉంది. దానిని గురించి ఎక్కువమంది మాట్లాడరు. 1982లో, 1984లో పంపిన ల్యాండ్‌శాట్ 4, 5 ఉపగ్రహాలలో బొమ్మను దాచిపెట్టుకొనే టేపు రికార్డర్లు లేవు. బొమ్మ తీసిన క్షణంలోనే దానిని కిందికి పంపాలి. కింద స్టేషను ఉంటే నేరుగా, లేకుంటే పైనున్న మరొక ప్రసార ఉపగ్రహం మీదుగా. ఆ రెండో దారిని వాడుకోవడం ఖర్చుతో కూడిన పని. పైగా ఐదవ ల్యాండ్‌శాట్‌లో ఆ దారి కోసం ఉన్న ప్రసార యంత్రాలు 1992 నాటికి పూర్తిగా చెడిపోయాయి. ఇక స్టేషను లేని చోట బొమ్మ లేదు. దారి ఉన్నన్నాళ్ళూ కూడా, కొనేవాడు ఉంటేనే కెమెరా తెరచేవారు. వ్యాపారికి అది సబబే. కొనేవాడు లేని సరుకు ఎవడు తయారుచేస్తాడు?

ఫలితంగా మధ్య ఆఫ్రికా, పశ్చిమాఫ్రికాల మీదుగా ఆ ఉపగ్రహం పదహారు రోజులకొకమారు వెళుతూనే ఉన్నా, కళ్ళు మూసుకొని వెళ్ళింది. ఒక పుస్తకం ఖరీదెక్కువైతే రేపు ధర తగ్గాక కొనుక్కోవచ్చు. కానీ 1987లో తీయని అడవి బొమ్మను 2007లో ఏ ధరకూ కొనలేము. ఆ సంవత్సరం ఆ అడవి ఎలా ఉన్నదో, ఆ చెరువు ఎంత ఉన్నదో ఇక ఎవరికీ ఎన్నటికీ తెలియదు. పేదవాడు తన గతాన్ని కొనలేకపోవడం కాదు ఇది. అసలు ఆ గతం వ్రాతకే ఎక్కలేదు.

అదే కాలంలో ఆఫ్రికాకు ఆసరాగా నిలిచినది ఒక ముతక కన్ను. అమెరికా వాతావరణ సంస్థ ఎన్‌ఓఏఏ ఉపగ్రహాలలో ఒక్కొక్క చుక్క ఒక కిలోమీటరు పైమాటే. పొలాలు కావు, తాలూకాలు కనబడతాయి. కానీ అది రోజూ వస్తుంది, మేఘాల ఉపగ్రహం కాబట్టి అందరికీ తెరచి ఉంటుంది. నాసా శాస్త్రజ్ఞుడు కాంప్టన్ టక్కర్, ఆ మేఘాల ఉపగ్రహంతోనే ఖండమంతటి పచ్చదనాన్ని వారం వారం లెక్కకట్టవచ్చునని చూపించాడు. 1984-85లో ఇథియోపియాలో, సాహెల్ ప్రాంతంలో వచ్చిన ఘోరమైన కరువు తర్వాత, 1985లో అమెరికా సహాయసంస్థ కరువును ముందే పసికట్టే వ్యవస్థను ఈ పద్ధతి ఆధారంగా నెలకొల్పింది. 30 మీటర్ల సూక్ష్మదృష్టి బీరువాలో తాళం వేసి ఉండగా, కిలోమీటరు మసకచూపు అన్నం పెట్టింది.

ఇప్పుడు మన సంగతి. 1988 మార్చి 17న సోవియట్ యూనియనులోని బైకనూరు నుండి మన ఐఆర్ఎస్-1ఏ పైకెగిరింది. దాని కన్ను 36 మీటర్ల దాకా చూడగలదు. 1993 అక్టోబరులో ల్యాండ్‌శాట్-6 కక్ష్యకు చేరకుండానే కూలిపోయింది. అప్పటికి ఐదవది ఆయుస్సు తీరి కూడా ఈడ్చుకొస్తున్నది. బొమ్మలు అమ్ముకొనే ఈఓశాట్‌కు సరుకు కరువైంది. అప్పుడు ఆ సంస్థ మన ఆంట్రిక్స్‌తో ఒప్పందం చేసుకొని, ఓక్లహోమా రాష్ట్రంలోని నార్మన్ అనే ఊళ్ళో మన ఉపగ్రహాల సంకేతాలు అందుకోసాగింది. 1995 డిసెంబరులో వెళ్ళిన ఐఆర్ఎస్-1సీ 5.8 మీటర్ల వివరం చూపేది. ఆనాటికి పౌర ఉపగ్రహాలలో అంతటి చూపున్నది మరొకటి లేదు. ఏటా 2 లక్షల డాలర్లు కట్టి ల్యాండ్‌శాట్ సంకేతాలు అందుకున్న దేశం, పదిహేనేళ్ళు తిరిగేసరికి అమెరికా నేల బొమ్మలను అమెరికాకు అమ్మింది! ఈ మాట చెప్పుకొని గర్వపడని వాడు తెలుగువాడు కాడు, భారతీయుడూ కాడు.

కానీ గర్వపడిన నోటితోనే రెండో మాట కూడా చెప్పాలి. చూసే దేశమయ్యాక మనమూ చూసే దేశం లాగే ప్రవర్తించాం. మన ఇన్‌శాట్ తీసే మేఘాల చిత్రాలను, ప్రపంచమంతా ఉచితంగా పంచుకొనే సరుకును, భద్రత పేరిట ఎన్నో ఏళ్ళు బయటివారికి ఇవ్వలేదు. 1990ల చివర గానీ ఆ బిగింపు సడలలేదు. ఆ లోపు 1998లో ఐరోపావారు హిందూ మహాసముద్ర పరిశోధన కోసమని తమ మెటియోశాట్-5ను మన సముద్రం పైకి జరిపి, దాని బొమ్మలను లోకానికి అందించారు. ఇక నేల బొమ్మల విషయానికి వస్తే, సూక్ష్మచిత్రాలు కావలసిన మన పరిశోధకులు అర్జీలు, అనుమతులు, చలానాల మధ్య నలిగారు. రక్షణ అవసరాలను నేను తేలిక చేయడం లేదు. కానీ జిల్లాలోని చెరువుల లెక్క తీయడానికి అమెరికా బొమ్మ ఉచితంగానూ, మన బొమ్మ రుసుముతోనూ దొరికిన కాలమొకటి నడిచిందన్నది నిజం. 2023లో వచ్చిన భారత అంతరిక్ష విధానం 5 మీటర్లు, అంతకంటే ముతకైన దత్తాంశాలు ఉచితంగా, అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పింది. ఆలస్యమైనా మేలే. 2025 జులై 30న శ్రీహరికోట నుండి వెళ్ళిన నైసార్, ఇస్రో, నాసాల ఉమ్మడి రాడార్ ఉపగ్రహం, మొదటినుండీ ఉచిత పంపిణీ నియమంతోనే పుట్టింది.

మనం సంకోచిస్తున్న కాలంలో తలుపు తెరచినది మరో వర్ధమాన దేశం. 1988 జులైలో చైనా, బ్రెజిల్ కలిసి ఉపగ్రహాలు కట్టాలని ఒప్పందం చేసుకున్నాయి. చైనా వంతు నూటికి డెబ్బై, బ్రెజిల్ వంతు ముప్పై. అడిగినప్పుడల్లా సాంకేతికతకు అడ్డంకులు చెప్పే సంపన్నులను ఆశ్రయించకుండా, భూగోళానికి రెండు వైపుల నున్న ఇద్దరు చేయి కలపడం ఆ రోజుల్లో అపురూపం. మొదటి సీబర్స్ 1999 అక్టోబరులో చైనానుండి ఎగిరింది, రెండవది 2003లో. 2004లో బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ ఇన్పే, సీబర్స్ బొమ్మలను తమ దేశంలో ఎవరైనా అంతర్జాలం నుండి ఉచితంగా దించుకోవచ్చునని ప్రకటించింది. 2007లో కేప్‌టౌన్‌లో జరిగిన మంత్రుల సమావేశంలో చైనా, బ్రెజిల్ కలిసి ఆఫ్రికా దేశాలన్నింటికీ ఈ బొమ్మలు ఉచితమని చెప్పాయి. సీబర్స్ కన్ను అంత గొప్పదేమీ కాదు. దాని బొమ్మలలో లోపాలున్నాయని వాడినవారే అంటారు. ఐనా ఒకనాడు ‘మా అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వవద్దు’ అని సమితిలో వాదించిన దేశం, ‘మా బొమ్మలు అందరూ తీసుకోండి’ అనడం చిన్న విషయం కాదు.

మరుసటి ఏడే అమెరికా దిగివచ్చింది. బ్రెజిల్‌ను చూసి అని నేననను, కారణాలు అనేకం. ల్యాండ్‌శాట్-7 బొమ్మ వెల అప్పటికే 600 డాలర్లకు తగ్గింది. ఐనా అమ్మకాలు అత్యధికంగా జరిగిన 2001లో కూడా అమ్ముడుపోయినవి పాతిక వేల బొమ్మలు మాత్రమే. వసూళ్ళకంటే వసూలు చేసే శ్రమే ఎక్కువైంది. 2008లో పాతవీ కొత్తవీ మొత్తం ఉచితం చేశారు. 2010లో దించుకున్నవి పాతిక లక్షలు. వెల తీసివేస్తే వాడకం నూరింతలైంది. 2014 నుండి ఐరోపావారి సెంటినెల్ ఉపగ్రహాలు కూడా అదే బాట పట్టాయి. 2018లో ల్యాండ్‌శాట్‌కు మళ్ళీ రుసుము పెడదామా అన్న ఆలోచన అమెరికాలో వచ్చింది గానీ అమలు కాలేదు.

ఆ ఉచిత భాండాగారంలో నేను మొదట వెదకినది కొల్లేరు. 1990 ప్రాంతపు బొమ్మనూ, 2000 ప్రాంతపు బొమ్మనూ మనుమడి సాయంతో పక్కపక్కన పెట్టి చూశాను. తూటికాడ, గుర్రపుడెక్కలతో ఎర్రగా అల్లుకొని ఉన్న సరస్సు, పదేళ్ళకు నల్లని పలకలు పేర్చినట్టు చేపల చెరువులైపోయింది. ఈ సంగతి కొల్లేటి లంకలవారికి బొమ్మ చూపి చెప్పాలా! కానీ కోర్టులో, కార్యాలయంలో లంకలవాని నోటిమాటకు లేని విలువ ఈ బొమ్మకు ఉంటుంది.

అలాంటి విలువకు ఎవరో ఒకరు మూల్యం చెల్లించడమూ ఉంటుంది. బ్రెజిల్ సంస్థ ఇన్పే 1988 నుండీ ఉపగ్రహ చిత్రాలతో అమెజాన్ అడవి ఏటా ఎంత తరుగుతున్నదో లెక్కగట్టి ప్రకటిస్తున్నది. 2019లో నరికివేత పెరిగిందని లెక్కలు చూపించాయి. అధ్యక్షుడు బొల్సొనారో ఆ లెక్కలు అబద్ధమన్నాడు. సంస్థ అధిపతి రికార్డో గాల్వావ్ ఎదురు చెప్పి, ఆగస్టులో పదవి పోగొట్టుకున్నాడు. కానీ బొమ్మలు అప్పటికే లోకంలో ఉన్నాయి. ఎవరైనా దించుకొని కొలుచుకోవచ్చు, కొలుచుకున్నారు. 1974లో బ్రెజిల్ కోరిన ముందస్తు అనుమతి గనక ఆనాడు దక్కి ఉంటే, 2019లో ఆ అనుమతి ఇవ్వవలసినది ఎవరు? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా, ఆ ముసాయిదా నెగ్గకపోవడమే మంచిదయిందేమో ననిపిస్తుంది. దేశం వేరు, ఆ దేశాన్ని ఆ పూట ఏలుతున్నవారు వేరు. సమితి తీర్మానంలో ‘చూడబడిన దేశం’ ఉన్నది గానీ, చూడబడిన అడవిలో ఉండేవారి మాట లేదు.

ఆపదవేళ పంచుకొనే ఏర్పాటు మరొకటి ఉంది, క్లుప్తంగా చెబుతాను. 1999లో వియన్నాలో జరిగిన సమితి అంతరిక్ష సమావేశం సందర్భంగా ఐరోపా, ఫ్రాన్సు సంస్థలు ప్రతిపాదించిన అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం, పెను ఉపద్రవం వచ్చిన దేశానికి సభ్య సంస్థలు తమ ఉపగ్రహ చిత్రాలను ఉచితంగా ఇస్తాయి. 2001లో ఇస్రో ఇందులో చేరింది. 2004 సునామీ నాడు మన తీరాలకు, ఇండొనేషియా, శ్రీలంకలకు ఇది ఉపయోగపడింది. వరదకు బొమ్మ ఉచితం, కరువుకు కాదు. కరువు మెల్లగా వస్తుంది కాబట్టి ఒడంబడికలో దానికి చోటు లేదు.

చివరగా, సూ ఫాల్స్ భాండాగారం సంగతి. 2010లో అమెరికా జియొలాజికల్ సర్వేవారు తమ బీరువాలు తాము లెక్కపెట్టుకొని, ల్యాండ్‌శాట్ తీసిన బొమ్మలలో చాలా భాగం తమ దగ్గర లేవని గ్రహించారు. రికార్డర్లు లేని కాలంలో ఏ స్టేషను అందుకున్న బొమ్మ ఆ స్టేషనులోనే ఉండిపోయింది. ఏటా రుసుము కట్టి యాంటెన్నాలు నిలబెట్టిన దేశాల గదులలో, పాత అయస్కాంత టేపుల మీద, కొన్ని బూజుపట్టి, కొన్నింటిని చదివే యంత్రాలే లేక పడి ఉన్నాయి. ఆ టేపులను దేశదేశాల నుండి తెప్పించుకొని, చదివించి, భాండాగారంలో చేర్చడం అప్పుడు మొదలైంది. 2015 జనవరి నాటికి అక్కడ ఉన్న 55 లక్షల బొమ్మలలో 32 లక్షలు ఇలా బయటినుండి తిరిగి వచ్చినవే. ఇప్పుడు ఎవరైనా, ఎక్కడినుండైనా వాటిని దించుకోవచ్చు. 1980లలోని మధ్య ఆఫ్రికా కోసం వెదికితే మాత్రం, ఏడాది తర్వాత ఏడాది, పటం మీద తెల్లని గళ్ళే కనబడతాయి. అక్కడ టేపు ఏదీ లేదు, తెప్పించడానికి.